కటింగ్ షాపులో ఉరుము

మార్చి 4
షాపు నుంచి, మధ్యాహ్నం

ఉరుమమ్మా, నీ పాట బతికిందే తల్లీ! చచ్చిపోయిందన్నావు కదా, బతికింది! నా షాపులోనే, నా కుర్చీలోనే లేచి కూర్చుంది!

ఎలా ఉన్నావు, తిన్నావా, అక్కడ చలెలా ఉంది అని అడగడం తరవాత. ముందిది విను. అక్షరాలు వంకరపోతే సర్దుకో. గడ్డం గీసేటప్పుడు తిన్నగా పోయే చెయ్యి కలం పట్టుకుంటే ఎందుకు వంకరపోతుందో నాకిప్పటికీ తెలీదు.

పోయిన నెల్లో ఒక పిల్ల వచ్చింది. వ్యాన్ నడుపుతుందట, ఇంటింటికీ పార్సిళ్ళు వేస్తుందట. నడుము దాకా జుట్టు. ఆఫీసులో కూర్చునే ఉద్యోగం ఇస్తాం, ఆ జుట్టు తగ్గించుకుని రా అన్నారట. "తీసెయ్యండి తాతా, నేను చూడను" అని కళ్ళు మూసుకుంది. నేను అలవాటు ప్రకారం నీ క్యాసెట్ పెట్టాను. నా టేప్‌రికార్డర్ పెట్టెలో అదొక్కటే క్యాసెట్టని నీకు తెలుసు కదా, మిగతా పొద్దంతా రేడియోనే. ఎడమ పక్క జుట్టు తీసేశాను. ఇంతలో మొదటి పాటలో నువ్వు గొంతు విప్పే చోటొచ్చింది. ఆ పిల్ల "ఆపండి!" అని అరిచింది. చెవి తెగిందేమో అనుకుని వంగి చూశాను. పాట ఆపబోయాను. "పాట కాదు తాతా, కత్తెర ఆపండి" అంది.

క్యాసెట్ రెండు వైపులా అయిపోయేదాకా ఆ పిల్ల కదల్లేదు. తరవాత, ఇది పాడిందెవరని అడిగింది. మా అమ్మాయి అన్నాను. మెడకున్న గుడ్డతోనే లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఎన్ని తలలు పట్టుకున్నానో, నా చేతులు పట్టుకున్నవాళ్ళు లేరు. అవి తడిగా ఉన్నాయే అని సిగ్గేసింది.

మిగతా సగం జుట్టు తీయించుకోలేదు. ఉద్యోగం వద్దట. అందరం సగంజుట్టు అని పిలుస్తున్నాం, పలుకుతోంది. మీలా మెల్లగా, బరువుగా వాయించే జట్లు అప్పట్లో ఈ ఊళ్ళో అరడజను ఉండేవని, అన్నీ పోయాయని, ఇప్పుడు పిల్లలు మళ్ళీ ఆ డూమ్ మెటలే వెతుక్కుంటున్నారని చెప్పింది. తన స్నేహితులతో ఒక జట్టు కూడా కట్టిందట, బేసు వాయిస్తుంది. ఏదో వైరు తెచ్చి నా పెట్టెకి గుచ్చి, పాటలన్నీ తన చిన్న మిషన్లోకి ఎక్కించుకుంది. అవి ఇప్పుడు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. రోజూ పిల్లలొస్తున్నారు, గుంపులుగా. అందరికీ భుజాల కిందకి జుట్టే. షాపు నిండా జనం, ఒక్కడూ కటింగ్ చేయించుకోడు! మీ అమ్మ తలుపు దగ్గర నిలబడి, ఇంత జనం వచ్చీ కత్తెర ఆడని షాపు ఇదొక్కటే అంది.

అసలు సంగతి. మీరు వాయించిన పాత హాలు ఉందే, టైర్ల గోడౌన్ చేసేశారే, అందులో జూన్ మొదటి శనివారం కచేరీ పెడుతున్నారు. నువ్వూ బావా రావాలట. వస్తుంది అని చెప్పేశాను. తండ్రిని, నీ తరఫున ఆ మాత్రం మాట ఇవ్వలేనా?

ఉప్పొంగిపోతున్న
నాన్న

మీ అమ్మ రాయమంది: స్వెట్టర్ సరిపోయిందా?

*

మార్చి 21
వాతావరణ కేంద్రం

నాన్నా,

స్వెట్టర్ సరిపోయింది. చేతులు పొడుగయ్యాయి, మడుచుకుంటున్నాను. సముద్రం బాగోలేక పడవ ఆలస్యమైంది. నీ ఉత్తరంతో పాటు ఉల్లిపాయలూ, బెలూన్లలో నింపే గ్యాసూ వచ్చాయి.

నీ సంతోషం చూస్తే కాదనాలనిపించడం లేదు. అయినా కాదనే అంటున్నాను.

మా కథ నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఆ హాల్లో మేం మెల్లగా వాయిస్తుంటే మొదట్లో నిలబడడానికి చోటుండేది కాదు. ఒక మోత మోగించి, అది గోడల్లోకి ఇంకిపోయేదాకా ఆగి, అప్పుడు రెండోది మోగించేవాళ్ళం. తరవాత వేగంగా వాయించేవాళ్ళొచ్చారు. జనం అటు పోయారు. మిగిలినవాళ్ళు కొంచెం ఊపు పెంచండి, కొంచెం పెంచండి అనేవారు. జట్లు ఒక్కొక్కటే విడిపోయాయి. నీకు గుర్తుందా, వాళ్ళందరూ వచ్చి నీ కుర్చీలోనే కూర్చున్నారు. జుట్టు తీయించుకుని, కొత్త చొక్కా వేసుకుని, ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. మా సంగీతం రాలిపడింది నీ షాపు నేల మీదే నాన్నా. ఊడ్చింది నువ్వే. నీకు తెలీకుండానే ఊడ్చావు.

చివరికి నేనూ బావా ఇద్దరమే మిగిలాం. అప్పుడే పెదనాన్న స్టూడియోలో ఆ క్యాసెట్ చేశాం. వచ్చాక విన్నాం. మా పాటే అయినా మాది కాదనిపించింది. హడావిడిగా, ఏదో బస్సు తప్పిపోతున్నట్టు. ఇక నా గొంతు! నువ్వు ఉరుము అని పేరు పెట్టిన గొంతు తలుపు సందులో తోక పడ్డ పిల్లిలా ఉంది. మిషన్ అబద్ధం చెప్పదమ్మా, మీరు వాయించింది అదే, నీ గొంతు నిజంగా అదే అన్నాడు పెదనాన్న. జనం విని నవ్వారు. మెల్ల పాటలవాళ్ళు మోసం చేశారన్నారు, వేగం పాటలవాళ్ళు ఇదీ ఒక వేగమేనా అన్నారు. ఆ తరవాత నేను ఎక్కడా పాడలేదు. నీ షాపుకొచ్చినప్పుడల్లా ముందు ఆ పెట్టె నోరు నొక్కేసి, తరవాతే నిన్ను పలకరించేదాన్ని.

ఆ పిల్లల్ని నమ్మకు. పాతకాలపు వింతలు ఏరుకుని నవ్వుకోవడం ఇప్పుడొక సరదా. నువ్వు తండ్రివి, నీకు ఆ తేడా వినపడదు.

ఇంకొకటి. బావకి ఏమీ చెప్పొద్దు. అతనితో కలిసి నేను వాయించలేను. ఆ రోజు డ్రమ్స్ మీద తొందరపడింది అతనే. ఆ మాట మొహం మీదే అనేశాను. అప్పటినుంచి మాకు మాటల్లేవు.

ఇక్కడ పొగమంచు. పొద్దున వదిలిన బెలూన్ నా తల దాటకముందే కనపడకుండా పోయింది. ఎక్కడో పైన ఉందని మాత్రం తెలుస్తూ ఉంటుంది.

నీ
ఉరుము కాని ఉరుము

*

ఏప్రిల్ 2
షాపు

ఉరుమమ్మా,

కోప్పడకుండా చదువు. ముందు మంచి చెప్తాను.

వాళ్ళు నవ్వడం లేదు! నిలదీసి అడిగాను, "మా అమ్మాయి పాట విని ఎగతాళి చేస్తున్నారా మీరు?" అని. వాళ్ళలో ఒక భారీ మనిషున్నాడు, చేతులు నా తొడలంత, లారీ టైర్లు మార్చే పని. మూడో పాటకి కుర్చీ మీది గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. వెంట్రుకలు కంట్లో పడ్డాయన్నాడు. నేను అప్పటికింకా కత్తెర పట్టుకోనే లేదు.

ఇక చెడ్డ సంగతి. నీ ఉత్తరాలు నేనెలా చదువుతానో తెలుసు కదా. నాకు మనసులో చదువుకోవడం రాదు. ఐదో తరగతి పంతులు గట్టిగా చదవమన్నాడు, తగ్గించి చదవమని చెప్పేలోపే బడి మానేశాను. పైకి చదివితేనే నాకు అర్థమవుతుంది. షాపులో అందరికీ నీ ఉత్తరమంటే పండగే. రేడియో కట్టేసి వింటారు. ఆ రోజు కూడా చదివాను. పిల్లి మాట దగ్గర అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఊపులో చదువుకుంటూ పోయాను. "బావకి ఏమీ చెప్పొద్దు" అని చదివాక గానీ గుర్తు రాలేదు, కుర్చీలో ఉన్నది మీ బావే అని.

మొహం నిండా నురగ. సగమే గీశాను. అద్దంలోంచి నన్ను చూశాడు. "చదువు మామయ్యా, మిగతాది కూడా చదువు" అన్నాడు. ఏం చెయ్యను, చదివాను. గుడ్డ మడతపెట్టి కుర్చీ చేతి మీద పెట్టి, సగం నురగతోనే వీధిలోకి వెళ్ళిపోయాడు. ఒక వారం ఆ పిల్ల సగం జుట్టుతో, ఒక వారం మేనల్లుడు సగం గడ్డంతో! ఊళ్ళో నా పనితనం గురించి ఏమనుకుంటున్నారో!

మర్నాడు కత్తీ బ్రష్షూ పట్టుకుని బేకరీకి వెళ్ళాను. పొయ్యి దగ్గర పిండి పిసుకుతున్నాడు. స్టూలు మీద కూర్చోబెట్టి మిగతా సగం గీశాను. తరవాత అన్నాడు, "మామయ్యా, ఆ రోజు నేను తొందరపడలేదు. నా చేతులకి తెలుసు. కానీ క్యాసెట్ వింటే తొందరపడినట్టే ఉంది. చేతుల్ని నమ్మాలా, చెవుల్ని నమ్మాలా తెలీక కర్రలు అటక మీద పడేశాను. ఈ పిండి నయం, నన్ను తిట్టదు" అన్నాడు.

గడ్డం పూర్తిగా గీయించుకున్నాడు కాబట్టి రాజీకొచ్చినట్టే లెక్క. ఆ పిల్లలకి బావ కూడా వస్తున్నాడని చెప్పేశాను.

అంతా సర్దుకుంటుందని ఆశతో
నాన్న

సగంజుట్టు నీకు దండం పెట్టిందని రాయమంది.

*

ఏప్రిల్ 19
వాతావరణ కేంద్రం

నాన్నా,

నీకేం చెప్పను! గోడకి చదువుకో, గిన్నెలకి చదువుకో, మేడెక్కి కాకులకి చదువుకో. షాపులోనే చదవాలా?

కచేరీకి నేను రావడం లేదు. బావ కూడా రాడు. వాళ్ళకి ఈ రోజే చెప్పెయ్యి. పోస్టర్లు అంటించే దాకా రానివ్వకు.

ఒక్కటి మాత్రం నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ లారీ టైర్ల మనిషి. ఆ మూడో పాట నాకు తెలుసు. అది విని మనిషన్నవాడు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకోవాలి గానీ ఏడ్చి కాదు. కాబట్టి వాళ్ళు వింటున్నది మాది కాదు. ఆ సగంజుట్టు పిల్ల దాన్ని తన మిషన్లో ఏదో చేసింది. ఇప్పుడు ఏదైనా చెయ్యొచ్చు, పిల్లిని పులి చెయ్యొచ్చు. అలా చేసి నా పేరు పెట్టి ఊరంతా పంచితే అది సిగ్గులేని పని. అడుగు. ఆ పిల్ల దగ్గరున్నది ఒకటి నాకు పంపించు. నా చెవులతో వింటాను.

కోపంగా రాశాను. తుడిపేద్దామంటే పడవ వెళ్ళిపోతోంది. నువ్వు రాత్రుళ్ళు దగ్గుతున్నావని అమ్మ రాసింది. మందు వేసుకో.

నీ కూతురు

*

మే 1
షాపు వెనకాల, నీళ్ళ తొట్టి దగ్గర

ఉరుమమ్మా,

ఈసారి షాపులో చదవలేదు. నీ మీద ఒట్టు. తొట్టి దగ్గర కూర్చుని మెల్లగా చదివాను. నా మెల్లగా అంటే నీకు తెలుసు కదా. తలెత్తేసరికి సగంజుట్టు తలుపులో నిలబడి ఉంది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు తాతా. మీ పెట్టెలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. ఆమెకి నమ్మకం లేకపోతే పేరు తీసేస్తాం" అంది. తన మెడలో వేలాడే చిన్న మిషన్ తీసి, "ఇది ఆమెకి పంపండి, నాకు ఇంకోటుంది" అంది. ఇంకోటి లేదు. ఆ సంగతి లారీ టైర్ల మనిషి చెప్పాడు. ఈ ఉత్తరంతో పాటు పత్తిలో చుట్టి పంపిస్తున్నాను. దుమ్ము పడనీకు.

బావ నా షాపుకి రావడం మానేశాడు. గడ్డం పెంచుతున్నాడు. మేనమామకి కటింగ్ షాపుండగా మేనల్లుడు గడ్డంతో ఊరంతా తిరగడం! నాకు ఇంతకంటే శిక్ష ఉందా చెప్పు.

నిన్న మధ్యాహ్నం ఎవరూ లేరు. నీ క్యాసెట్ పెట్టుకుని కుర్చీలో నేనే కూర్చున్నాను. ఎదురెదురు అద్దాల్లో నాలాంటి ముసలివాళ్ళు వరసగా, లోపలికి లోపలికి, ఒకరి వెనక ఒకరు. నీ పాట వాళ్ళందరి మీద నుంచి దుప్పటి కప్పుతున్నట్టు వెళ్ళింది. నీకు తెలీదు, నా షాపులో ఎంతమంది నీ పాటకి కునుకు తీశారో. పోలీసాయన గురక పెట్టేవాడు. ఆ మోతలో భయంకరంగా ఏదో ఉందని మీ అమ్మ అంటుంది, ఎవరో మేడ మీద బీరువా ఈడుస్తున్నట్టుందంటుంది. అంటూనే ఆమె కూడా పక్కగదిలో కుట్టు మిషన్ మీద తల వాల్చి నిద్రపోతుంది. ఆ పాట నడుస్తుంటే నా చెయ్యి కూడా దాని ప్రకారమే నడుస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కరికీ తెగలేదు. నీ గొంతు బాగోలేదని ఎవరన్నారో గానీ, వాళ్ళ చెవులు కడిగించుకోవాలి.

ఇంకో మంచి మాట. నువ్వు రానన్నావు, సరే. అయినా కచేరీ రోజున హాల్లో ఈ పెట్టె పెట్టి నీ పాట వినిపిస్తారట. కాబట్టి దాన్ని బాగుచేయిస్తున్నాను. కొన్నప్పుడే అది పాతది. అప్పటినుంచీ రిపేర్ల అతను, లోపల రబ్బరు బెల్టు సాగిపోయింది, మారుస్తానని వెంటపడుతూనే ఉన్నాడు. బాగా తిరిగేదాన్ని ఎందుకు కెలకడమని ఊరుకున్నాను. ఇప్పుడు నీ గౌరవం కోసం మార్పిస్తాను. కొత్త బెల్టు, కొత్త రంగు!

మందు వేసుకుంటున్న
నాన్న

*

మే 12
వాతావరణ కేంద్రం

నాన్నా, బెల్టు మార్చొద్దు. ఈ ఉత్తరం చదవడం ఇక్కడే ఆపి, లేచి వెళ్ళి, రిపేర్ల అతని చేతిలోంచి ఆ పెట్టె తీసుకుని రా. నేను ఆగుతాను.

తెచ్చావా? కూర్చో.

ఆ చిన్న మిషన్ వచ్చిన రోజు విననే లేదు. బల్ల మీద పెట్టి దాని చుట్టూ తిరిగాను. నిన్న తెల్లవారాక పొగమంచు మేడ మెట్ల దాకా వచ్చేసింది. గాలి లేదు. సముద్రం వినపడుతోంది గానీ కనపడడం లేదు. రేడియో గదిలో కూర్చుని దాని ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నాను.

పాటకి ముందు కొంచెం ఖాళీ ఉంటుంది, గుర్తుందా? పెదనాన్న స్టూడియోలో గోడగడియారం ఉండేది. దాన్ని ఆపమన్నా ఆపలేదు, ఆ టిక్కుటిక్కు కూడా పాటలో పడింది. అప్పట్లో క్యాసెట్ విన్నప్పుడు ఆ గడియారం కూడా పరిగెత్తుతున్నట్టుండేది. మా కంగారే దానికీ అంటుకుందని నవ్వుకునేవాళ్ళం. నాన్నా, ఎంత పిచ్చివాళ్ళం! గడియారానికి కంగారేమిటి?

ఇక్కడ నా ఎదురుగా గోడ మీద కేంద్రం గడియారం ఉంది. నిన్న చెవుల్లో పెదనాన్న గడియారం, కళ్ళెదురుగా ఈ గడియారం. రెండూ పక్కపక్కన నడిచాయి. ఇన్నేళ్ళ దూరంలో ఉన్న రెండు గడియారాలు ఒకే అడుగు వేశాయి. అప్పుడు బావ కర్ర దిగింది.

ఎంత నింపాదిగా దిగిందో! ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఒక గది పట్టేంత చోటు. మేం రోజూ సాధన చేసే షెడ్లో వాయించినట్టే ఉంది. తరవాత ఒక గొంతు వచ్చింది. ఎవరిదా అనుకున్నాను. ఎక్కడో కొండల వెనక మొదలై, ఇంటి మీదకి వచ్చి ఆగినట్టు. నాదే నాన్నా. చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరు నిజమే.

పిల్ల దాన్ని ముట్టుకోలేదు. క్షమించమని చెప్పు. నీ పెట్టే చేసింది. సాగిపోయిన ఆ బెల్టు వల్ల నీ పెట్టె మెల్లగా తిరుగుతుంది. అది మెల్లగా తిరిగితేనే మా పాట సరిగ్గా ఉందంటే, క్యాసెట్ ఎక్కించినప్పుడే వేగం పెంచేశారన్నమాట. ఎవరు, ఎందుకు అని మంచులోకి చూస్తూ కూర్చున్నాను. పెదనాన్న మాట గుర్తొచ్చింది. క్యాసెట్ చేతిలో పెడుతూ ఎంత గర్వంగా అన్నాడో, "చిన్న టేపైనా ఐదు పాటలూ పట్టించేశాను చూడు!" అని. ఎలా పట్టించాడో మేం అడగలేదు. పట్టించాడు. అంతే. చెడు చెయ్యాలని కాదు, ఐదో పాట మిగిలిపోకూడదని.

నువ్వు ఇన్నాళ్ళూ విన్నది ఇదే. నువ్వు ముద్దుకొద్దీ మెచ్చుకుంటున్నావని నేననుకున్నాను, లోకానికి చెవులు లేవని నువ్వనుకున్నావు. ఇద్దరం విన్నదే చెప్పాం.

బావ తొందరపడలేదు. అతని చేతులు చెప్పిందే నిజం. నేను అతన్ని అన్న మాటకి ఆధారం చిన్న టేపు.

అతనికి విడిగా ఉత్తరం రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టాను. రావడం లేదు. నాన్నా, ఒక పని చెయ్యి. బావని పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, నురగ పూసి, లేవడానికి వీల్లేకుండా చేసి, ఈ ఉత్తరం షాపులో అందరి ముందూ చదువు. నీకు వచ్చినంత గట్టిగా.

బావ వస్తానంటేనే నేను వస్తాను. జవాబు మే ఆఖరు పడవకి అందాలి. జూన్ కచేరీకి నేను ఎక్కగలిగింది ఆ పడవే.

ఇందాక బెలూన్ వదిలాను. మంచు పలచబడింది. చాలాసేపు కనిపిస్తూనే వెళ్ళింది.

నీ
ఉరుము

*

మే 22
షాపు! షాపు! షాపు!

వస్తానన్నాడు! బావ వస్తానన్నాడు తల్లీ! నువ్వు పడవెక్కు!

ఉండు, మొదట్నించి చెప్తాను, లేకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి.

నీ మొదటి వాక్యం చదవగానే కత్తి తొట్టిలో పడేసి పరిగెత్తాను. మెడ చుట్టూ గుడ్డతో ఒక పెద్దమనిషిని అలాగే వదిలేసి పరిగెత్తాను. రిపేర్ల అతను పెట్టె మూత తీసి, పాత బెల్టు వేలికి చుట్టుకుని చూస్తున్నాడు. "దీన్ని అవతల పారెయ్యాల్సిందే" అంటున్నాడు. అతని వేలు పట్టుకున్నాను. "నాయనా, ఆ వేలు వంచకు, అందులో మా అమ్మాయి గొంతుంది" అన్నాను. ఎండ దెబ్బనుకుని మంచినీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ అదే బెల్టు, అదే చక్రాల మీద ఎక్కించి తెచ్చుకున్నాను. ఆ పెద్దమనిషి ఇంకా కూర్చునే ఉన్నాడు, పాపం. కునుకు తీస్తున్నాడు, పాట లేకుండానే.

సాయంత్రం సగంజుట్టూ, లారీ టైర్ల మనిషీ వెళ్ళి బావని పట్టుకొచ్చారు. చెరో పక్కా నడిపించుకుంటూ తెచ్చారు, పారిపోయినవాణ్ణి తెచ్చినట్టు. చేతుల నిండా పిండి. కుర్చీలో కూర్చోబెట్టాను. అంత గడ్డం మీద నురగ పూస్తే మేఘంలా అయింది మొహం. మీ అమ్మ కుట్టు మిషన్ ఆపి వచ్చి నిలబడింది. పోలీసాయన టోపీ తీశాడు, ఎందుకో తెలీదు.

చదివాను. గట్టిగానే మొదలుపెట్టాను. గడియారాల దగ్గరికి వచ్చేసరికి ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. సగంజుట్టు నా చేతిలోంచి కాగితం తీసుకుని మిగతాది చదివింది. తనని క్షమించమని చెప్పు అన్న చోట ఆగి, ముక్కు ఎగబీల్చి, మళ్ళీ అందుకుంది. "అతని చేతులు చెప్పిందే నిజం" అని చదివినప్పుడు అద్దంలో బావని చూశాను. నురగలోంచి కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. తన చేతులు ఒడిలోంచి తీసి, తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, ఎవరో ఇప్పుడే తిరిగిచ్చినట్టు.

"పెట్టు మామయ్యా" అన్నాడు. క్యాసెట్ పెట్టాను. అతను ఇన్నాళ్ళూ తన ఇంట్లో మంచి ప్లేయర్ మీద విన్నాడట, నా దాంట్లో ఎప్పుడూ వినలేదు. నా కుర్చీలో కూర్చున్నప్పుడల్లా నేనే మర్యాదకి రేడియో పెట్టేవాణ్ణి కదా. గడియారం టిక్కుమంది. అతను అద్దం ముందున్న రెండు దువ్వెనలు తీసుకున్నాడు. నీ గొంతు రావడానికి ముందు ఆ మొదటి దెబ్బ ఉందే, అది క్యాసెట్లోనూ కుర్చీ చేతి మీదా ఒక్కసారే పడింది. కళ్ళు మూసుకుని వాయించాడు, పాట మొత్తం. అద్దాల్లో లోపలికి లోపలికి ఎంతమంది బావలో, అందరూ నురగ మొహాలతో, అందరూ ఒక్కసారే చేతులెత్తి, ఒక్కసారే దించుతున్నారు. నా షాపు కాస్త నేల మీంచి లేచినట్టనిపించింది తల్లీ. గోడలు పలచబడ్డాయి. నువ్వు వదిలే బెలూన్లో కూర్చున్నట్టుంది నాకు.

పాట అయ్యాక, "ఎప్పుడు వస్తుంది?" అన్నాడు. అంతే. ఇంకేం అడగలేదు. గడ్డం వద్దు, కచేరీ దాకా ఉంచుతానన్నాడు. నురగ తుడిచేశాను. మీ వాళ్ళెవరూ నాకు పని ఇవ్వరనుకుంటాను. పర్వాలేదు!

హాల్లో టైర్లన్నీ ఒక పక్కకి జరిపారు. కొన్నిటి మీద జనం కూర్చుంటారట. మీ ఇద్దరి వెనక సగంజుట్టు బేసు పట్టుకుని నిలబడుతుంది, నువ్వు ఒప్పుకుంటేనే. అప్పట్లో మీకు బేసు వాయించే మనిషి దొరకలేదు కదా, ఆ పిల్ల అప్పటికి పుట్టనేలేదు, అందుకే దొరకలేదు. కచేరీ అయిన మర్నాడు మిగతా సగం జుట్టు తీయించుకుంటానంటోంది. నేను తియ్యను. అది పెరిగి, ఆ సగాన్ని ఈ సగం అందుకునేదాకా ఆగుతాను.

ఈ ఉత్తరం ఈ పూటే జెట్టీకి పంపిస్తున్నాను. లారీ టైర్ల మనిషి స్వయంగా పడవ సరంగు చేతికిస్తాడు. నువ్వు రేవులో దిగేసరికి నేనూ, మీ అమ్మా, ఒళ్ళో పెట్టెతో బావా ఉంటాం.

ఇక వీళ్ళకి చెప్పాలి, ఒక్కరిని మర్చిపోయినా జన్మంతా దెప్పుతారు:

పెద్దత్తకి, బావ వాళ్ళమ్మకి, ఈ రాత్రే నేను వెళ్ళి చెప్తాను. కొడుకు మళ్ళీ కర్రలు పట్టాడంటే ముందు తిట్టి, తరవాత ఏడుస్తుంది.

చిన్నత్తకి ఉత్తరం. పెద్దత్తకి ముందు చెప్పామని ఈమెకి తెలియకూడదు.

రెండో బాబాయికి. "బుద్ధిగా ఉద్యోగం చూసుకో" అని నీకు చెప్పినవాడు. ముందు వరసలో టైరు వేయిస్తాను.

పిన్నికీ, పిన్ని కవలపిల్లలకీ. చెవుల్లో పెట్టుకోవడానికి దూది మీ అమ్మ ఇస్తుంది.

తాతయ్య తమ్ముడికి. ఎవరి కూతురని అడుగుతాడు, ప్రతిసారీ చెప్పాలి, చెప్తాను, ఎన్నిసార్లయినా చెప్తాను.

మీ మామయ్యకి, అమ్మ చెప్తుంది.

ఆఖరుగా పెదనాన్నకి. ఈ ఒక్కరికీ నేను చెప్పనక్కర్లేదట. బావే వెళ్ళి చెప్తానన్నాడు, ఏమాత్రం తొందరపడకుండా.